నూటికి నెలకు ఎంత? కొత్తగా సంపాదన మొదలుపెట్టినవారికి డబ్బు నిర్వహణపై సమగ్ర మార్గదర్శి

ఊళ్లో ఎవరైనా అప్పు తెచ్చారని తెలిస్తే పక్కవారు మొదట అడిగేది "ఎంతకు తెచ్చావు?" అనే. "రెండు రూపాయలకు" అన్న జవాబుతో లెక్క మొత్తం తేలిపోతుంది: వంద రూపాయలకు నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, అర్ధరూపాయి వడ్డీ అంటే 6 శాతం, పావలా వడ్డీ అంటే 3 శాతం. ఇంత తేలికైన కొలత చేతిలో ఉండగా, హైదరాబాద్‌లో ఉద్యోగాలకు చేరిన చదువుకున్న యువతీయువకులు బ్యాంకు కాగితాల్లోని శాతాలను సరిగ్గా పోల్చుకోలేక, ఊళ్లో అయితే ఎన్నడూ ఒప్పుకోని వడ్డీకి నగరంలో సంతకం చేస్తున్నారు. నేనూ అదే చేశాను. తొలి ఉద్యోగంలో చేతికి వచ్చిన క్రెడిట్ కార్డుకు దాదాపు ఏడాదిపాటు "కనీస చెల్లింపు" మాత్రమే కడుతూ పోయాను. అది మూడున్నర రూపాయల వడ్డీ అని ఎవరైనా ఆ మాటల్లో చెప్పి ఉంటే మొదటి నెలలోనే ఆగిపోయేవాణ్ని.

అందుకే ఇందులో అప్పునైనా పొదుపునైనా నూటికి నెలకు ఎంత అన్న ఆ కొలతతోనే చూస్తాను. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు, రూపాయల్లో వడ్డీ తెలుస్తుంది. మెట్లను ఇక్కడ చెప్పిన వరుసలోనే ఎక్కండి, ఎందుకంటే డబ్బు విషయంలో ఏ పని చేశామన్నదాని కంటే ఏది ముందు చేశామన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

మొదటి మెట్టు: చేతికి నిజంగా ఎంత వస్తుందో తెలుసుకోవడం

నియామక పత్రంలో ఏడాదికి 4,20,000 రూపాయలు అని ఉంటే నెలకు 35,000 వస్తుందనుకుని గది చూసుకునేవారు చాలామంది. అసలు లెక్క వేరు. మూలవేతనం 17,500 అనుకుందాం. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ (భవిష్యనిధి), గ్రాట్యుటీ (కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము) కోసం లెక్కగట్టే మొత్తం రెండూ ఆ 35,000లోనే కలిసి ఉంటాయి. చాలా కంపెనీలు పీఎఫ్‌ను 15,000 రూపాయల వేతనానికే పరిమితం చేస్తాయి కనుక కంపెనీ వాటా అందులో 12 శాతం, అంటే 1,800, గ్రాట్యుటీ కింద సుమారు 840 పోతే మిగిలేది 32,360. అందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 1,800, తెలంగాణలో 20,000 రూపాయలు దాటిన జీతానికి వర్తించే వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికి అందేది 30,360 దగ్గర ఆగుతుంది. బృంద ఆరోగ్య బీమాకు ఏమైనా కోత పెడితే ఇంకాస్త తగ్గుతుంది.

ఇందులో పీఎఫ్‌ను పోయిన డబ్బుగా చూడకండి. 2024-25 సంవత్సరానికి దానిపై 8.25 శాతం, అంటే దాదాపు 69 పైసల వడ్డీ ఇచ్చారు. మూలవేతనం 15,000 దాటి మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి పీఎఫ్‌లోని పింఛను పథకం వర్తించదు కనుక, కంపెనీ కట్టే 1,800 కూడా మీ పీఎఫ్ ఖాతాలోనే చేరుతుంది, మీ వాటాతో కలిపి 3,600. ఉద్యోగం మారినప్పుడు పాత పీఎఫ్ సొమ్మును తీసుకుని ఖర్చు పెట్టకుండా, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యత్వ) సంఖ్య కింద కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంటే ఉద్యోగంలో ఉండగానే దిద్దించుకోవాలి. మానేసిన తరువాత ఆ చిన్న తప్పు కోసమే బర్కత్‌పురాలోని పీఎఫ్ కార్యాలయం చుట్టూ తిరిగినవారిని నేను చూశాను.

రెండో మెట్టు: చిట్టా ఉంది, ఆవర్జా రాయండి

పాత దుకాణాల్లో రెండు పుస్తకాలు ఉండేవి. జరిగిన లావాదేవీని జరిగిన వరుసలో రాసేది చిట్టా, దాన్ని ఖాతాలవారీగా విడదీసి రాసేది ఆవర్జా. ఇప్పుడు చాయ్ బండి దగ్గర ఇచ్చిన 15 రూపాయలు కూడా యూపీఐలో నమోదవుతున్నాయి కనుక మీ చిట్టా దానంతటదే తయారవుతోంది. లేనిది ఆవర్జా. ఒక్క నెల పాటు, ప్రతి ఆదివారం అరగంట కూర్చుని, ఆ వారం చెల్లింపులన్నీ ఏడెనిమిది ఖాతాలుగా నోటుపుస్తకంలో విడదీయండి: కిరాయి, కిరాణా-కూరగాయలు, బయట తిండి, ప్రయాణం, ఫోను-కరెంటు, ఇంటికి పంపినది, వాయిదాలు, తక్కినవి. మొదటి నెల ఏ ఖర్చునూ తగ్గించే ప్రయత్నం చేయవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయడమే పని.

ఇలా రాసినవారిలో చాలామందికి బయట తిండి, ప్రయాణం అనే రెండు ఖాతాలే ఊహించినదానికి మించి కనిపిస్తాయి. వీటికి నగరంలోనే మార్గాలున్నాయి. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కనుక వారానికి ఒకసారి అక్కడ కూరలు తెచ్చుకుంటే తేడా తెలుస్తుంది. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. రోజూ ఆటోకు ఇచ్చే డబ్బు దీనితో చాలావరకు మిగులుతుంది. ఆఫీసుకు దగ్గరలో ఎక్కువ కిరాయి గది తీసుకోవాలా, దూరంలో తక్కువ కిరాయికి చూసుకోవాలా అన్న ప్రశ్నకు కూడా ఆవర్జాయే జవాబు చెబుతుంది: కిరాయినీ నెలవారీ ప్రయాణ ఖర్చునూ కలిపి పోల్చండి, విడివిడిగా పోల్చకండి.

మూడో మెట్టు: జీతం పడిన రోజే విడదీయడం

మిగిలినది దాచుకుందామనుకుంటే ఏమీ మిగలదు. జీతం పడే ఖాతా ఒకటి, ఏటీఎం కార్డు గానీ యూపీఐ గానీ జతచేయని పొదుపు ఖాతా మరొకటి పెట్టుకుని, జీతం వచ్చిన మరునాడే మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి ఒక మొత్తం తానుగా వెళ్లేలా బ్యాంకు యాప్‌లో ఏర్పాటు చేయండి.

చేతికి 30,000 వచ్చి, ఇద్దరు ముగ్గురితో కలిసి కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండేవారికి ఒక నమూనా ఇది: కిరాయి వాటా 7,500, తిండి 5,500, ప్రయాణం 1,800, ఫోను, కరెంటు, నెట్ కలిపి 1,200, ఇంటికి 5,000, బట్టలు, సినిమాలు, పెళ్లిళ్లకు కట్నకానుకల వంటివి 3,000, పొదుపు 6,000. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు. సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు అనే సూత్రం బాగా ప్రచారంలో ఉంది గానీ, ఇంటికి డబ్బు పంపడం తప్పనిసరి అయిన మన కుటుంబాలకు అది అలాగే సరిపోదు. ఇంటికి పంపేదాన్ని అవసరాల్లోనే చేర్చుకుని, అమ్మానాన్నలతో మాట్లాడి ఒక స్థిరమైన మొత్తం నిర్ణయించుకోండి. ఒక నెల పది వేలు, ఒక నెల సున్నా పంపడం కంటే ప్రతి నెలా ఐదు వేలు పంపడం వారికీ మీకూ మేలు. పొదుపు మొదట వెయ్యి రూపాయలే అయినా ఏర్పాటు చేసి ఉంచండి, జీతం పెరిగినప్పుడల్లా ఆ పెంపులో సగం దానికి కలపండి.

నాలుగో మెట్టు: ఆపద నిధి

ఉద్యోగం పోవడం, ఊళ్లో నాన్నగారికి ఆపరేషన్ అవసరం కావడం, ఇల్లుగలవారు ఖాళీ చేయమనడం వంటివి చెప్పి రావు. అలాంటి రోజున చేతిలో డబ్బు లేనివారు ఏ వడ్డీకైనా తలవంచుతారు. కాబట్టి మొదటి లక్ష్యం ఒక నెల ఖర్చు, ఆ తరువాత లక్ష్యం మూడు నుంచి ఆరు నెలల ఖర్చు. ఇందులో ఒక భాగాన్ని పొదుపు ఖాతాలో, మిగిలినదాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకోగల ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంచండి. పొదుపు ఖాతాలో వచ్చేది పావలాకు అటూఇటూ, డిపాజిట్‌లో అర్ధరూపాయికి అటూఇటూ. తక్కువే, కానీ ఈ డబ్బు పెరగడానికి కాదు, అడిగిన రోజున దొరకడానికి.

ఎక్కడ పెడుతున్నామన్నది చూసుకోవాలి. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలూ వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్ష మాత్రమే. 2000 తరువాతి సంవత్సరాల్లో హైదరాబాద్‌లో కొన్ని సహకార అర్బన్ బ్యాంకులు కుప్పకూలినప్పుడు, కాస్త ఎక్కువ వడ్డీ కోసం పదవీ విరమణ సొమ్మంతా ఒక్కచోటే పెట్టినవారు ఎంత నలిగారో ఈ నగరంలోని పెద్దలను అడిగితే చెబుతారు. ఏ ఒక్క బ్యాంకులోనూ 5 లక్షలు దాటనివ్వకండి.

ఐదో మెట్టు: అప్పులను వడ్డీ వరుసలో పేర్చడం

ఒక కాగితం తీసుకుని మీకున్న ప్రతి అప్పునూ నూటికి నెలకు ఎంత పడుతోందో రాయండి. బ్యాంకు బంగారు రుణం సాధారణంగా 75 పైసల నుంచి రూపాయి మధ్య, వ్యక్తిగత రుణం రూపాయి నుంచి రెండు రూపాయల మధ్య, క్రెడిట్ కార్డు బకాయి మూడు నుంచి మూడు ముప్పావు రూపాయల దాకా ఉంటుంది. అన్నింటికీ కనీస వాయిదా కడుతూ, మిగిలిన డబ్బంతా అన్నింటికంటే పైనున్న అప్పు మీద పెట్టండి. అది తీరాక తరువాతిది.

క్రెడిట్ కార్డు లెక్కను ఒకసారి పూర్తిగా చూడండి. బకాయి 40,000, వడ్డీ మూడున్నర రూపాయలు అనుకుంటే నెలకు వడ్డీ 1,400, దానిపై 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1,652. కనీస చెల్లింపు బకాయిలో 5 శాతం, అంటే 2,000 అనుకుంటే, మీరు కట్టిన రెండు వేలలో అసలుకు జమయ్యేది 348 రూపాయలే. పైగా బకాయి మిగిలినంత కాలం కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు మూడు రూపాయల చక్రవడ్డీతో అసలు రెట్టింపు కావడానికి రెండేళ్లు కూడా పట్టదు. కార్డు బిల్లును ప్రతి నెలా పూర్తిగా కట్టగలిగినవారికి అది సౌకర్యమే. ఏ ఒక్క నెలలోనైనా పూర్తిగా కట్టలేకపోతే కార్డును బీరువాలో పెట్టి, వీలుంటే బంగారు రుణమో వ్యక్తిగత రుణమో తెచ్చి ఆ బకాయిని ఒకేసారి తీర్చేయండి. మూడున్నర రూపాయల అప్పును రూపాయి అప్పుగా మార్చుకోవడంలో తప్పేమీ లేదు.

బైకు కొనేటప్పుడు "ఫ్లాట్ 10 శాతం వడ్డీ" అనే మాట వినబడితే ఆగండి. లక్ష రూపాయలకు మూడేళ్లకు 30,000 వడ్డీ కలిపి 1,30,000ను 36 వాయిదాలు చేస్తే నెలకు 3,611 అవుతుంది. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్షకే వేశారు కనుక, తగ్గే అసలుపై లెక్కిస్తే ఇది దాదాపు 18 శాతం. 83 పైసల వడ్డీ అనుకున్నది నిజానికి రూపాయిన్నర. రుణం ఇచ్చేముందు ముఖ్యాంశాల పత్రం ఇవ్వమని అడగండి. అందులో అన్ని రుసుములూ కలిపిన వార్షిక రేటు రాసి ఉంటుంది, దాన్ని 12తో భాగించండి.

ఫోనులో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల గురించి గట్టిగానే చెప్పాలి. 2020 చివర్లో ఇలాంటి యాప్‌ల వేధింపులతో తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. ఆ తరువాతే రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు నిబంధనలు తెచ్చింది. యాప్ వెనుక ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని రుణ సంస్థ) ఉందో స్పష్టంగా చెప్పకపోయినా, ఫోనులోని కాంటాక్టులను, ఫొటోలను చూడడానికి అనుమతి అడిగినా వెంటనే తీసేయండి.

ఆరో మెట్టు: చిట్టీని అర్థం చేసుకుని వేయడం

హైదరాబాద్‌లో చిట్టీ లేని వీధి ఉండదు. చెడ్డది కాదు, కానీ అది ఒకే సమయంలో పొదుపూ అప్పూ కూడా అన్న సంగతి వేసేవారిలో చాలామందికి తెలియదు. 20 మంది, 20 నెలలు, నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చిట్టీ అనుకోండి. ఒక నెల పాటలో ఒకరు 25,000 వదులుకుని చిట్టీ ఎత్తితే ఆయనకు 75,000 వస్తుంది. ఆ పాతిక వేలలో ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవారు) కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000ను 20 మందికీ పంచితే తలా వెయ్యి డివిడెండ్, కనుక ఆ నెల అందరూ కట్టేది 4,000. 2019 సవరణ ప్రకారం ఫోర్‌మన్ కమీషన్ 7 శాతం దాకా ఉండవచ్చు.

ముందుగా పాడుకున్నవారు అప్పు చేసినట్టు, చివరిదాకా ఆగినవారు అప్పిచ్చినట్టు. అవసరం లేకుండా మొదటి నెలల్లో పాడుకుని ఆ డబ్బుతో టీవీనో ఫోనో కొంటే, అది వడ్డీకి తెచ్చి కొన్నదే. వేసేముందు ఆ చిట్టీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా అని చూడండి. నమోదైతే ఫోర్‌మన్ చిట్టీ మొత్తానికి సమానమైన సొమ్మును ముందే పూచీకత్తుగా ఉంచాలి. ఇరుగుపొరుగువారు నమ్మకం మీద నడిపే చిట్టీకి ఆ రక్షణ లేదు, నడిపేవారు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే చేతిలో కాగితం కూడా ఉండదు. ఎంత దగ్గరివారైనా, పోతే తట్టుకోగలిగినంతే అందులో వేయండి. ఆపద నిధిని మాత్రం ఏ చిట్టీలోనూ పెట్టవద్దు, ఎందుకంటే కావలసిన నెలలో పాట మీకే వస్తుందన్న భరోసా లేదు, వచ్చినా ఎంత వదులుకోవాలో ముందుగా తెలియదు.

ఏడో మెట్టు: బీమా

ఆరోగ్య బీమా ముందు, జీవిత బీమా తరువాత. తెలంగాణలో అర్హులైన కుటుంబాలకు రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల రూపాయల దాకా చికిత్స అందుతుంది, అమ్మానాన్నలకు అర్హత ఉందేమో మొదట చూడండి. కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కనుక, ఆరోగ్యంగా ఉన్న వయసులోనే సొంత పాలసీ తీసుకోవడం మంచిది. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం ఉండవచ్చు. బీపీ, షుగరు వంటివాటిని దాచిపెడితే క్లెయిము తిరస్కరించడానికి అదే కారణమవుతుంది. ఆసుపత్రి గది అద్దెకు పరిమితి ఉందా, బిల్లులో మీ వాటా ఎంత అన్న రెండు విషయాలు పాలసీ పత్రంలో వెతికి చదవండి, నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు.

మీ సంపాదన మీద ఎవరైనా ఆధారపడి ఉంటేనే జీవిత బీమా అవసరం. అప్పుడు కూడా వార్షిక ఆదాయానికి పది పదిహేను రెట్లకు టర్మ్ పాలసీ (గడువులోపు చనిపోతేనే కుటుంబానికి డబ్బు ఇచ్చేది) చాలు. బతికి ఉంటే డబ్బు తిరిగి వస్తుందని అమ్మే పాలసీల్లో రాబడి తరచుగా అర్ధరూపాయి వడ్డీకి మించదు, రక్షణ కూడా చాలా తక్కువ. "పన్ను మిగులుతుంది" అని ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవి ఎక్కువగా అమ్ముతారు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12,75,000 దాకా జీతం ఉన్నవారికి పన్నే పడదు, ఆ విధానంలో పాలసీకి మినహాయింపూ లేదు. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవిత బీమా జీవన్ జ్యోతి, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా సురక్ష దొరుకుతాయి. ఊళ్లో ఉన్న మీవారికీ వయసు అర్హత చూసి చేయించండి.

ఎనిమిదో మెట్టు: పెంచడం

ఇంతదాకా వచ్చాకే పెట్టుబడి. కార్డు బకాయి ఉండగా షేర్లు కొనడమంటే మూడున్నర రూపాయలకు తెచ్చి రూపాయికి కూడా హామీ లేని చోట పెట్టడమే.

పదిహేనేళ్లు కదిలించనక్కరలేని డబ్బుకు ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్ ఉంది, రేటు 7.1 శాతం, అంటే 59 పైసలు, దానిపై పన్ను లేదు. ప్రతి నెల 5వ తేదీలోపు జమ చేస్తేనే ఆ నెల వడ్డీ లెక్కలోకి వస్తుంది. కనీసం ఏడేళ్లు అవసరం లేని డబ్బును నిఫ్టీ 50ను (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీని) అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 500తో సిప్‌గా, అంటే నెలనెలా వాయిదాగా, మొదలుపెట్టవచ్చు. మధ్యవర్తి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఎంచుకోండి. 2020 జనవరి నుంచి మార్చి లోపల నిఫ్టీ మూడో వంతుకు పైగా పడింది, అదే ఏడాది నవంబరుకల్లా తిరిగి కోలుకుంది. మార్చిలో భయపడి అమ్మినవారు నష్టపోయారు, ఆ డబ్బుతో మరుసటి నెల కిరాయి కట్టాల్సినవారు అమ్మక తప్పలేదు. ఆపద నిధి ముందు అన్నది ఇందుకే.

బంగారాన్ని నగగా కొంటే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ కొన్న రోజే పోతాయి. ఇష్టంగా పెట్టుకోవడానికైతే కొనండి, ఆరు అక్షరాంకెల హాల్‌మార్క్ సంఖ్య ఉందో లేదో చూడండి. ప్లాట్ల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా ఉంది: రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు లేకుండా "ప్రీ లాంచ్" పేరుతో నగరం చుట్టూ అమ్మే వాటి జోలికి మొదటి ఐదేళ్లు అసలు వెళ్లవద్దు. నమోదైన ప్రాజెక్టులో కూడా ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని చట్టం చెబుతోంది.

తొమ్మిదో మెట్టు: కాపాడుకోవడం, కాగితాలు సర్దడం

యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గానీ తీసుకోవడానికి ఎప్పుడూ అవసరం లేదు. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫారంలో కనిపించి "డిజిటల్ అరెస్టు" చేశామనేవారు దొంగలే, అలాంటి అరెస్టు మన చట్టాల్లో లేదు. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము దాటిపోకముందే ఖాతాను నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకు మీద ఫిర్యాదుకు 30 రోజుల్లో తగిన జవాబు రాకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు, వివరాలకు 14448. ఏడాదికి ఒకసారి సిబిల్ వంటి సంస్థల నుంచి మీ రుణ నివేదికను ఉచితంగా తీసుకుని, మీరు చేయని అప్పు ఏదైనా మీ పేరున ఉందేమో చూడండి.

చివరి పని ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ప్రతి బ్యాంకు ఖాతాకు, పీఎఫ్‌కు, ఫండ్‌కు, పాలసీకి నామినీ ఎవరో సరిచూడండి. పెళ్లికి ముందు రాసిన పేర్లు పదేళ్ల తరువాత కూడా అలాగే ఉండిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఆ తరువాత ఏ బ్యాంకులో ఏ ఖాతా, ఏ కంపెనీలో ఏ పాలసీ, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి అన్నవన్నీ ఒక పేజీలో రాసి, ఇంట్లో ఒకరికి చూపించి బీరువాలో పెట్టండి. పిన్‌లు, పాస్‌వర్డులు మాత్రం ఆ పేజీలో రాయవద్దు.